తవ్విన తర్వాతకి కూడా డబ్బడుగు

పశ్చిమ మాంబళం,
మద్రాసు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పాలారు నది పక్క దిబ్బలో పురావస్తు తవ్వకానికి నువ్వు దరఖాస్తు పెడుతున్నావనీ, డైరెక్టరుగా నీ పేరే వేస్తున్నారనీ చెప్పింది. దాని గొంతులో భయమే ఎక్కువ వినిపించింది. ఊరు కాని ఊళ్ళో డేరాలు, ఎండ, పాములు, ఒంటరి ఆడపిల్ల. నాకు ఆ భయాలు లేవు. నా భయం వేరే. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య నా మొహం చూసి "ఏమైందండీ?" అంది. సంతోషం అన్నాను. అది అబద్ధం కాదు. మన ఇంటి పిల్ల ఒక తవ్వకానికి పెద్దగా నిలబడుతుందంటే నాకంటే ఎక్కువ పొంగిపోయేవాడు ఎవడు? కానీ ఆ సంతోషం కింద ఇంకోటి కదిలి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. తెల్లారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు ఏడేళ్ళప్పుడు వేసవి సెలవులకి వస్తే ఎగ్మోరు మ్యూజియానికి తీసుకెళ్ళాను, గుర్తుందా? అమరావతి శిల్పాల ముందు నిలబడి "ఇవి మన గుంటూరువి కదా మావయ్యా, ఇక్కడెందుకున్నాయి?" అని అడిగావు. తవ్వినవాళ్ళు తెచ్చారమ్మా అని దాటేశాను. అసలు జవాబు ఇప్పుడు చెప్తాను, ఇప్పుడు నీకది అవసరం. 1845లో వాల్టర్ ఎలియట్ అనే మద్రాసు సర్కారు అధికారి తవ్వించి కొన్ని రాళ్ళు మద్రాసుకి పంపాడు. ఆ తర్వాత 1880లో మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ డ్యూక్ స్తూపం చోటంతా పూర్తిగా తవ్వి శుభ్రం చెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. డబ్బు సర్కారుదే, మనుషులూ సర్కారు పెట్టినవాళ్ళే. మట్టి మొత్తం ఎత్తిపోశారు. ఏ రాయి ఎక్కడ నిలిచి ఉంది, దేని పక్కన ఏది పడి ఉంది అని సరిగ్గా రాసుకున్న దిక్కు లేదు. పురావస్తు సర్వే అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి స్తూపం ఉండాల్సిన చోట గొయ్యి ఉంది. రాళ్ళు ఇప్పటికీ ఎగ్మోరులో ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు. స్తూపాన్ని మాత్రం ఇంక ఎవరూ చూడలేరు. డబ్బు లేక చెడిన తవ్వకాల గురించి అందరూ మాట్లాడతారు. డబ్బు ఉండి చెడినవి కూడా ఉన్నాయి, అమ్మడూ. నా భయం వాటి గురించే.

లైసెన్సు సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు. 1958 ప్రాచీన కట్టడాల చట్టం, దాని 1959 నిబంధనలు, కేంద్ర పురావస్తు సలహా మండలి స్థాయీ సంఘం, ఆపైన భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ (ఏఎస్ఐ) డైరెక్టర్ జనరల్ సంతకం. మీ శాఖ పేరు మీద పాత నివేదికలేవీ బాకీ లేకుండా చూసుకో. పొలం యజమానికి ముందే కాగితం మీద తెలియజెయ్యి, పంట పోతే పరిహారం, పని అయ్యాక గుంతలు పూడ్చే ఖర్చు అంచనాలోనే వెయ్యి. కలెక్టరాఫీసులోనూ పోలీస్ స్టేషన్లోనూ ఒక్కో కాపీ ఇవ్వు. ఊళ్ళో బంగారం కోసం తవ్వుతున్నారని పుకారు లేస్తుంది, తప్పదు. మొదటిరోజే బడి పిల్లల్ని పిలిచి నాలుగు కుండ పెంకులు చేతిలో పెట్టి చూపించు. ఇంటికెళ్ళి వాళ్ళే చెప్తారు.

డబ్బు ఎక్కడ దొరుకుతుందన్నది కూడా పెద్ద రహస్యం కాదు. విశ్వవిద్యాలయాలకి ఏఎస్ఐ ఇచ్చే గ్రాంటు ఉంది, భారత చరిత్ర పరిశోధనా మండలి ప్రాజెక్టులున్నాయి, మీ యూనివర్సిటీ వాళ్ళు ఎంతో కొంత వేస్తారు. ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం తన శాఖ తవ్వకాలకి కొన్నేళ్ళుగా ఏటా 5 కోట్లు పెడుతూ వచ్చి 2025-26 బడ్జెట్‌లో 7 కోట్లు చేసింది. ఆ ఏడాది తవ్వే ఎనిమిది ఊళ్ళ జాబితాలో సేలం జిల్లా తెలుంగనూరు పేరు చూసి నాకు ఎందుకో ప్రాణం లేచివచ్చినట్టయింది. నా ఉద్యోగం మొదట్లో తవ్వకాల పద్దు కింద కనిపించే అంకెలు తలుచుకుంటే ఇది కల లాగే ఉంది. అడిగితేగాని అమ్మయినా పెట్టదంటారు, కాబట్టి సిగ్గుపడకుండా నాలుగు చోట్లా అడుగు. ఒకే ఖర్చుని ఇద్దరి దగ్గర చూపించకు, అంతే. కూలీ ఒకరి లెక్కలో ఉంటే ఇంకొకరి లెక్కలో డేరాలు ఉండాలి. వేరు వేరు ఖాతాలు, వేరు వేరు రిజిస్టర్లు.

ఇప్పుడు అసలు విషయం. తవ్వకానికి మూడు పంచాంగాలున్నాయి, ఆ మూడూ ఎప్పుడూ కలవవు. లైసెన్సు ఏడాది అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. డబ్బు ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. మూడోది వానది. మన ఆంధ్రా వాళ్ళం జూన్, జులైలో వాన అనుకుంటాం. ఇక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా లైసెన్సు చేతికొచ్చిన వేళకి. సంక్రాంతి దాటితేగాని ట్రెంచిలో, అంటే తవ్వే గుంటలో, కాలు పెట్టలేవు. మంజూరు ఉత్తరం జనవరిలో వచ్చి, విడుదల ఫిబ్రవరిలో జరిగిందనుకో, నీకు మిగిలేది యాభై రోజులు. మార్చి 31 లోపల ఖర్చు చెయ్యకపోతే డబ్బు మురిగిపోతుంది. మురిగిపోయిన డబ్బు కంటే ఘోరం, "పోయినేడు ఇచ్చిందే వాడలేదు" అని వచ్చే ఏడు కోత పెడతారు. పలుగు దెబ్బ వెయ్యమని నిన్ను తొందరపెట్టేది మట్టి కాదు, ఆ తేదీ.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు.

నేను క్యాంపు గుమాస్తాగా వెళ్ళిన మూడో సీజను అది. ఊరి పేరు, ఆఫీసు పేరు రాయను, వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఇనుపయుగపు సమాధుల చోటు, మన వైపు రాకాసి గుళ్ళు అంటామే, అలాంటిదే. రెండు ట్రెంచిలు వేసి నెమ్మదిగా, శుభ్రంగా పని నడుస్తోంది. డబ్బు ఆలస్యంగా వచ్చింది. మార్చి 12న లెక్క చూస్తే నాలుగో వంతు ఇంకా అలాగే ఉంది. రాత్రి భోజనాలయ్యాక లాంతరు దగ్గర రిజిస్టరు పట్టుకుని డైరెక్టరు గారి డేరాకి వెళ్ళాను. "సార్, ఇది మురిగిపోతుంది. ఇంకో మూడు ట్రెంచిలు తెరిస్తే సరిపోతుంది" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మంచి పనివాడు, తాపీతో మట్టి గీరుతుంటే దేవుడికి గంధం తీస్తున్నట్టుండేది. చివరికి "సరే, మేస్త్రీకి చెప్పు" అన్నారు. నా అంకెలకి తలొగ్గారు.

మర్నాటి నుంచి నలభై మంది కూలీలు. పొర చూసి దింపే పని పోయి పలుగూ పారా వచ్చాయి. ట్రెంచి చూసుకునే కుర్రాడు ఒక్కడే, ట్రెంచిలు మూడు. మొదటి సీజను నుంచీ మాతో పనిచేసిన ఒక ముసలావిడ ఉండేది. చదువు లేదు, పాదాలతోనే మట్టి చదివేది. ఒక మధ్యాహ్నం తట్ట కింద పెట్టి "ఇక్కడ మన్ను వేరే మాదిరి ఉంది సామీ, ఆపండి" అంది. కుర్రాడు కూడా రెండు రోజులు ఆగుదామన్నాడు. నేను గట్టు మీద మస్టరు, అంటే కూలీల హాజరు పుస్తకం, పట్టుకుని నిలబడి ఉన్నాను. నలభై మందికి రెండు రోజులు కూలీ ఇచ్చి ఊరికే కూర్చోబెట్టడమా అనిపించింది. "పక్కన తవ్వుతూ ఉండండి" అన్నాను. నాకు ఆ మాట అనే అధికారం లేదు. కానీ డబ్బు సంచి నా చేతిలో ఉంది కాబట్టి అందరూ విన్నారు.

మార్చి 28 సాయంత్రం మూడు పెద్ద కుండలు బయటపడ్డాయి. పక్కపక్కనే, నోళ్ళు మూసి. ఒకదాన్లో ఇనుప కత్తి లాంటిది, అడుగున నల్లబడ్డ గింజలు. అవి వడ్లో కాదో ఇప్పటికీ తెలియదు. ఫొటోగ్రాఫరు ముందురోజే వెళ్ళిపోయాడు, ఆయన రోజులు అయిపోయాయి. బొమ్మ గీసేవాడికి జ్వరం. లాంతరు వెలుతురులో కుండలు లేపారు, లోపలి మట్టి దుప్పటి మీద కుమ్మరించారు. చీటీలు నేనే రాశాను, కాగితం మీద, సిరాతో. గోనె సంచుల్లో వేసి కట్టేశాం. 31వ తేదీకి పైసలతో సహా లెక్క సరిపోయింది. మిగులు సున్నా.

ఏప్రిల్లో చేతిలో చిల్లిగవ్వ లేదు. పెంకులు కడగడానికి లేదు, బొమ్మలు గీయించడానికి లేదు, గింజలు ల్యాబుకి పంపడానికి లేదు. అంచనాలో ఆ పద్దే పెట్టలేదు మరి, తవ్వకం అంటే తవ్వడమే అనుకున్నాం. సంచులన్నీ ఒక రేకుల షెడ్డులోకి చేరాయి. వానాకాలం వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఏదో స్టాకు లెక్కకి వెళ్ళి సంచి విప్పాను. అడుగంతా చెద. చీటీలు పిండి ముద్దలైపోయాయి. పెంకులు ఉన్నాయి, ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. ఏది ఏ ట్రెంచిదో, ఏ పొరదో చెప్పగలిగినవాడు మాత్రం భూమ్మీద లేడు. గింజలున్న పొట్లం ఎక్కడా కనిపించలేదు. ఆ తవ్వకం నివేదిక రానే లేదు. డైరెక్టరు గారు బదిలీ అయ్యారు, ఆ తర్వాత పోయారు. పోయేముందు ఒకసారి ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే "ఆ మూడు కుండలు" అన్నారు, ఇంకేం అనలేదు.

నాకు ఆ ఏడాది లెక్కలు చక్కగా ఉన్నాయని మెప్పు ఉత్తరం వచ్చింది. ఇచ్చిన డబ్బు వాడామని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీద ఆడిట్ వాళ్ళు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆ ఉత్తరం నేను మీ అత్తయ్యకి కూడా చూపించలేదు.

అందుకే చెప్తున్నాను. అంచనా రాసేటప్పుడు తవ్వడానికి ఎంత వేస్తావో, తవ్విన తర్వాతకి అంత వెయ్యి. పైవాళ్ళు కొట్టేస్తారు. కొట్టేస్తే మళ్ళీ వెయ్యి. తగ్గించక తప్పదంటే ట్రెంచిలు తగ్గించు. ఐదు అనుకున్న చోట రెండు చాలు. తవ్వనిది భూమిలో భద్రంగా ఉంటుంది, నీ తర్వాత ఇంకెవరైనా తవ్వుతారు.

ఈ వాదన కాగితం మీద ఎలా పెట్టాలో నీకు మదురై దగ్గరి కీళడి తవ్వకం నేర్పుతుంది. నాలుగో సీజనులో దొరికిన బొగ్గు ముక్కలు ఆరు అమెరికాలోని మయామీ ల్యాబుకి పంపారు. 353 సెంటీమీటర్ల లోతులో దొరికిన ముక్క క్రీ.పూ. 580 అని తేలింది. ఇవాళ తమిళనాడులో చిన్నపిల్లాడు కూడా కీళడి పేరు చెప్తున్నాడంటే, ఆ పేరు వెనుక వేల తట్టల మట్టితో పాటు చిటికెడు బొగ్గు కూడా ఉంది. ఆ బొగ్గుని సరిగ్గా తీసి, సరిగ్గా కట్టి, పంపడానికి డబ్బు ఉంచారు. నీ దరఖాస్తులో "ప్రయోగశాల ఖర్చులు" అని ఒక్క మాట రాసి వదిలెయ్యకు. వయసు తేల్చే కర్బన పరీక్షకి ఎన్ని నమూనాలు, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌కా, విదేశానికా, ఎముకలు పుణె డెక్కన్ కాలేజీకా, అన్నీ విడివిడిగా రాయి, ప్రతిదానికీ కొటేషన్ జత చెయ్యి. గుమాస్తాగా చెప్తున్నాను, వివరంగా ఉన్న పద్దుని కొట్టెయ్యడానికి చెయ్యి తటపటాయిస్తుంది.

ఎన్నాళ్ళు పడుతుందో కూడా ముందే ఒప్పుకో. మనకి యాభై, అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉన్న రాతియుగపు చోటు అత్తిరంపాక్కం చూడు. 1999లో తవ్వకం మొదలైతే, అక్కడి పాత పనిముట్లు 15 లక్షల ఏళ్ళనాటివన్న మాట ప్రపంచం ముందుకి వచ్చింది 2011లో. అక్కడే ఇంకో రకం పనిముట్లు 3,85,000 ఏళ్ళనాటివన్న మాట 2018లో. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా పరుగుపరుగున తవ్వారు, అక్కడ తొందర పడటానికి డ్యాము నీళ్ళే కారణం, ఎవర్నీ అనలేం. దాని నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది, రెండోది 2006లో. తవ్వకం ఆగిన 46 ఏళ్ళకి. అయినా వచ్చింది. రాసుకున్న పుస్తకాలు మిగిలాయి కాబట్టి వచ్చింది.

ఇంక నిన్ను తిట్టాల్సింది ఒకటుంది. పోయినేడు సర్వేకి రావాల్సిన డబ్బు రాలేదని గాజులు తాకట్టు పెట్టావట. మీ అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఏమిటమ్మా ఆ పని? సొంత డబ్బు పెట్టి, బిల్లు నీ పేరున రాయించి, తర్వాత తిరిగొస్తుందనుకుంటే, వెనక తారీకు వోచరు ఒప్పుకోం అని ఆడిట్ వాడు కొట్టేస్తాడు. అప్పుడు అది దానమే అవుతుంది. ఎందుకు పెట్టావో కూడా మీ అమ్మ చెప్పింది. కూలీలకి శనివారం డబ్బు ఇవ్వలేకపోతే వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదని. అది విని నాకు మాట రాలేదు. నా క్యాంపులో ఆ ముసలావిడకి ఒకసారి మూడు వారాలు కూలీ బాకీ పడింది, ట్రెజరీలో బిల్లు ఇరుక్కుని. ఆవిడ ఒక్కమాట అనలేదు, రోజూ వచ్చింది. నువ్వు ఆవిడలాంటి వాళ్ళని గుర్తుపెట్టుకున్నావు. గాజులు నేను విడిపించాను, మీ అత్తయ్య దగ్గర ఉన్నాయి. ఇంక ఇలా చెయ్యకు. పని మొదలుపెట్టే ముందే ఆరు వారాల కూలీకి సరిపడా అడ్వాన్సు చేతిలో లేకపోతే కొబ్బరికాయ కొట్టకు. ఆలస్యమైతే మేలో తవ్వు, జూన్లో తవ్వు. ఎండకి టోపీ ఉంది. లైసెన్సు సెప్టెంబరు దాకా ఉంటుంది.

మార్చి దగ్గరపడి డబ్బు మిగిలితే, పదిహేనో తేదీ లోపల మిగులు ఎంతో రాసి, ల్యాబుకీ పెట్టెలకీ బొమ్మలకీ మళ్ళించడానికి అనుమతి అడుగుతూ ఉత్తరం పెట్టు. పాలిథిన్ సంచులు, ప్లాస్టిక్ డబ్బాలు, ఇనుప ర్యాకులు మార్చిలో కొను, అవి మురిగిపోవు. అనుమతి రాకపోతే వెనక్కి కట్టెయ్యి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ రాసే ఫారం 12-ఏలో ఖర్చుకాని మొత్తం చూపించడానికి ఒక గడి ఉంది, అది ఖాళీగా ఉండాలని ఏ నిబంధనలోనూ లేదు. ఎవడో గుమాస్తా రిజిస్టరు పట్టుకుని నీ డేరాకి వచ్చి ఇంకో ట్రెంచి తెరుద్దామంటే, వాణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చి, నా కథ చెప్పు. మట్టి రంగు మారిందని ఎవరు అన్నా, తట్ట మోసే మనిషి అన్నా సరే, ఆపు. మస్టరులో ఆ రోజుకి "పరిశీలన" అని రాసి కూలీ ఇచ్చెయ్యి. అది వృథా ఖర్చు కాదని ఆడిట్‌కి జవాబు ఎలా రాయాలో నేను చెప్తాను.

ఆదివారం నీ అంచనా కాగితాలు పట్టుకుని రా. మీ అత్తయ్య పెసరట్లు వేస్తానంది. పద్దు పద్దూ కూర్చుని చూద్దాం. వచ్చేటప్పుడు దారిలో రెండు డజన్ల పెన్సిళ్ళు కొను. సిరా కరుగుతుంది, పెన్సిల్ గీత నీళ్ళలో కూడా నిలుస్తుంది. ప్లాస్టిక్ చీటీ మీద రాసి ఒకటి సంచి లోపల, ఒకటి బయట.

జనవరిలో క్యాంపు పడితే నన్నూ తీసుకెళ్ళు. నాకు జీతం వద్దు, మస్టరులో పేరు వద్దు. పక్కన ఒక బల్ల వేస్తే చీటీలు రాస్తాను. చెయ్యి ఇంకా వణకడం లేదు.

మీ మావయ్య